కొలవని పంతొమ్మిది రోజులు

నాలుగు కంప్యూటరు భాషలు నేర్చుకుని నాలుగింటినీ తిట్టే మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆమె గంగాదేవి. ఇప్పుడు అనంతపురంలో రైలుకట్ట పక్కన ఒక చిన్న కంప్యూటరు సెంటర్లో పాఠాలు చెబుతోంది. కొత్తగా చేరిన పిల్లలు "అక్కా, అన్నిట్లోకీ మంచి భాష ఏది?" అని అడిగితే "ఇంకా పుట్టలేదు" అంటుంది. వాళ్ళు నవ్వుతారు. ఆమె నవ్వదు.

మాది ఒకే ఊరు. ఆమె గొర్రెల నల్లప్ప కూతురు. అనంతపురంలో నేను ఎమ్మే తెలుగు చదివేటప్పుడు ఆమె బీయస్సీ కంప్యూటర్స్ చదివేది. రెండేళ్ళు ఒకే హాస్టల్ గదిలో ఉన్నాం. నేను మంచం మీద పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఆమె కింద చాప మీద రికార్డు పుస్తకం ముందేసుకుని పోట్లాడేది.

"ఇదేం భాష ప్రశాంతీ? ఒక చుక్క పడిపోతే యాభై తప్పులు చూపిస్తాది. తప్పు యాడుండాదో మాత్రం చెప్పదు. మా నాయన మందలో ఒక గొర్రె కుంటతా ఉంటే ఏ కాలో, ఆ కాల్లో ముల్లు ఏ పక్కనో చూసి చెప్తాడు."

ఇంకో రోజు ఇంకో మాట.

"మంద తోలేదానికి మా నాయనకు ఐదు కూతలు చాలు. నిలబడు, మళ్ళు, నీళ్ళకు రా, తోడేలు, ఇంటికి. ఈ మహాతల్లి దగ్గర నిలబడు అనేదానికే మూడు మాటలుండాయి. ఏ నిలబడుకు ఏడ నిలబడతాదో దానికే తెలీదు."

ఒక భాషలో ఏమేం ఉండాలో ఆమెకు అప్పుడే అభిప్రాయాలున్నాయి. నేను అవన్నీ పరీక్షల ముందు వచ్చే విసుగు అనుకున్నాను. వాటి కోసం ఉద్యోగం పోగొట్టుకుంటుందని అనుకోలేదు.

2002 వానాకాలం. గంగాదేవికి మా మండలాఫీసులో కంప్యూటరు ఆపరేటరుగా కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. వాళ్ళ వీధిలో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం అదే మొదటిది. నల్లప్ప ఆ సంగతి ఎవరికీ చెప్పలేదుగానీ, ఆ వారం మందను రోజూ ఆఫీసు ముందు దోవలోనే తోలుకుపోయాడు.

ఆఫీసులో ఉన్నది ఒకే కంప్యూటరు. దానికి ఒక గది, గుడ్డ ముసుగు, గడప బయట చెప్పులు విడవాలన్న నియమం. మండలాఫీసరు కూడా చెప్పులు విడిచే లోపలికి వచ్చేవాడు. యాభై ఏళ్ళ వాన లెక్కలు రిజిస్టర్లలో ఉన్నాయి. అవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించమని పైనుంచి ఒక ప్రోగ్రాం ఫ్లాపీలో వచ్చింది. ప్రతి శనివారం ఆ వారం పని ఇంకో ఫ్లాపీలోకి ఎక్కిస్తే, పెద్ద గుమాస్తా రామాంజనేయులు దాన్ని జేబులో వేసుకుని అనంతపురం బస్సెక్కేవాడు. లోపల ఏముందో ఆయన ఎప్పుడూ చూడలేదు.

పాత రిజిస్టర్లలో చేతిరాత గొలుసుకట్టు. గంగాదేవికి చదవడం రాక నన్ను పిలిచింది. ఎమ్మే అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. నేను చదివేదాన్ని, ఆమె కొట్టేది.

రెండో రోజే ఆమె ఆగిపోయింది. "ఎనభై ఐదా? ఒక్క పొద్దులో ఎనభై ఐదు మిల్లీమీటర్లు పడిందా మన ఊళ్ళో? చెరువు తెగిపోయుంటాది గదా!"

పేజీ పైకి వెళ్ళి చూశాను. అది మిల్లీమీటర్లు కాదు, సెంట్లు. అంగుళంలో నూరో వంతును సెంటు అనేవాళ్ళు. ఎనభై ఐదు సెంట్లంటే ఇరవై రెండు మిల్లీమీటర్లు కూడా లేదు.

"నేను ఎనభై ఐదు కొడితే నోరు మూసుకుని మింగింది చూడు" అంది గంగాదేవి. "సేరుకూ పడికీ తేడా తెలీకుండా కొలిస్తే అంగట్లో తంతారు. దీనికి సిగ్గు లేదు. అంకె ఇచ్చినప్పుడు ఏం అంకె అని అడగాల. అడగని భాష భాషేనా?"

ఆ పేజీలన్నీ మళ్ళీ మొదటినుంచీ కొట్టింది.

మా మండలంలో వాన కొలిచేది బసప్ప. ఆఫీసు వెనక కంచె వేసిన చిన్న జాగాలో వాన కొలిచే డబ్బా ఉంటుంది. పొద్దున ఎనిమిదిన్నరకు బసప్ప దాంట్లో నీళ్ళు గాజు గొట్టంలోకి వంచి, కంటికి సమానంగా పట్టుకుని చూసి, రిజిస్టర్లో రాస్తాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఆ ఏడాది ఆగస్టు మూడున ఆయన టైఫాయిడుతో మంచమెక్కాడు. ఇరవై ఒకటో తేదీ దాకా లేవలేదు. ఆ పంతొమ్మిది రోజులూ డబ్బా దగ్గరికి ఎవరూ పోలేదు. పోవాలని ఎవరికీ తోచలేదు.

లేచి వచ్చిన వారానికి బసప్ప, కట్టెపుల్లలా చిక్కిపోయి, చెప్పులు గడప బయట వదిలి కంప్యూటరు గదిలోకి తొంగిచూశాడు. "నా రాత దీంట్లోకి పోయిందా పాపా? యాడ, చూపించు."

గంగాదేవి ఆగస్టు పేజీ చూపించింది. బసప్పకు ఇంగ్లీషు అక్షరాలు రావుగానీ అంకెలు వచ్చు. వేలు పెట్టి ఒక్కొక్క వరుసా దిగాడు.

"మూడో తేదీకాడ ఈ సున్న ఎవరు పెట్టినారు?"

"నేనే తాతా. నీ రిజిస్టర్లో ఖాళీగా ఉండాది గదా, వాన లేదని పెట్టినా."

"ఒకటో తేదీకాడ?"

"ఆడ నువ్వు గీత గీసినావు. అదీ సున్నే గదా."

బసప్ప రిజిస్టరు అందుకున్నాడు. ఆయన వాన లేని రోజు ఎప్పుడూ సున్న రాయడు. సన్నని అడ్డగీత గీస్తాడు. ఆయన కంటే ముందు ఆ పని చేసిన ముసలాయన నేర్పించాడట, వాన పేరు మీద సున్న చుట్టకూడదని, చుడితే ఆ ఏడు మబ్బు ఈ దిక్కు చూడదని.

"గీత అంటే నేను పోయినా, చూసినా, వాన లేదు. ఖాళీ అంటే నేను పోలేదు. పోకుండా, చూడకుండా వాన లేదని నా పేరుతో ఎట్ల చెప్తావు పాపా? ఆ పంతొమ్మిది దినాలు పడిందేమో, పడలేదేమో. నాకు తెలీదు. నీకు తెలుసా?"

గంగాదేవి ముఖం ఎర్రబడింది. ఆ సున్నలు తుడిచి, గడి ఖాళీగా వదిలి ఎంటర్ నొక్కింది. తెర మీద మళ్ళీ సున్న వచ్చింది. ఇంకోసారి నొక్కింది. మళ్ళీ సున్న. ఖాళీ వదిలితే ప్రోగ్రామే సున్న వేసుకుంటోంది.

"దీనికెవరు చెప్పినారు ప్రశాంతీ, వాన రాలేదని?" అంది.

ఈ పంతొమ్మిది గడులకు అంత విలువ ఎందుకొచ్చిందో చెప్పాలి. ఆ ఏడాది జూలైలో పడిన పదునుకు అందరూ శనక్కాయ విత్తారు. ఆ తర్వాత చినుకు లేదు. ఆగస్టంతా వాన లేదని తేలితే మా మండలం కరువు జాబితాలో చేరుతుంది. పక్క మండలంలో పన్నెండో తేదీన నలభై ఒక్క మిల్లీమీటర్లు పడింది. మాకూ అంత పడిందని రాస్తే చేరదు. మా దగ్గర వాన ఒక చేను తడిపి గట్టు అవతలి చేనును వదిలేసి పోతుంది. కాబట్టి పక్క మండలం వాన చూసి మా సంగతి చెప్పడానికి లేదు.

గడుల సంగతి తెలిసి మండలాఫీసరు గదిలోకి వచ్చాడు. కోస్తా మనిషి, మర్యాదగా మాట్లాడతాడు. "ఇందులో ఇంత ఆలోచించేదేముందమ్మా? పక్క మండలం అంకెలు తీసుకుని వేసెయ్యి. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక ఆధారం ఉంటుంది."

"అవి ఆ మండలం అంకెలు సార్."

"వానకు మండలాలేమిటమ్మా?"

"లేకపోతే ఒక్కొక్క మండలానికి ఒక డబ్బా ఎందుకు పెట్టినారు సార్?"

ఆయన మర్యాద అక్కడితో కొంచెం తగ్గింది. "సాయంత్రంలోగా వేసెయ్యి" అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం బయ్యన్న వచ్చాడు. అరవై ఎకరాల ఆసామి, అంతకుముందు మండలాధ్యక్షుడు. గడప దగ్గర చెప్పులు విడవబోయి, మళ్ళీ తొడుక్కుని, అక్కడే నిలబడి మాట్లాడాడు.

"ఏమ్మే గంగా, సున్న కొట్టడం రాలేదా ఏం నీకు? అదేం చదువు మరి?"

"వస్తాది బయ్యన్నా. చూడనిదానికి కొట్టేది రాదు."

"మీ నాయన నాలుగెకరాలు కూడా మాడిపోయింది గదా! నీ చేత్తోనే నీ చేనుకు మన్ను కొట్టుకుంటావా? ఊరంతా నీ వేలు మీద ఉండాది పాపా. ఒక్క వేలు. నొక్కు."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. చేలన్నీ మాడిపోయాయి. నేను రోజూ ఆ దోవలోనే వచ్చేదాన్ని. గంగాదేవి మెత్తబడుతుందేమోనని చూశాను. ఆమె తెరవైపు తిరిగింది.

"ఎండిపోయింది చేను బయ్యన్నా. చేను చూసి రాయమను, నేనే ముందుండి చూపిస్తా. డబ్బాలో ఏముండెనో మాత్రం నన్ను అడగద్దు."

ఆ సాయంత్రం ఇద్దరం దొడ్డి దగ్గరికి పోయాం. నల్లప్ప గొర్రెపిల్లలను తల్లుల దగ్గరికి వదులుతున్నాడు. గంగాదేవి సూటిగా అడిగింది. "నాయనా, పన్నెండో తేదీ, శ్రావణం మొదటి సోమారం, వాన పడిందా?"

"నేను కొండ కింద ఉంటి. నాలుగు చుక్కలు పడె. కంబళి కూడా తడవలే."

ఆమె ముఖంలో వెలుగు రావడం చూశాను. "అట్లయితే ఆఫీసుకాడ కూడా పడలేదని చెప్తావా?"

నల్లప్ప ఒక పిల్ల చెవి పట్టుకుని దాని తల్లివైపు తిప్పాడు. "నేను ఆడ లేను గదమ్మే. ఆడ సంగతి నాకేం తెలుసు?"

"మన చేను కోసమన్నా చెప్పవా?"

"చేను గురించి అడుగు, చెప్తా. రెండుకోసులవతల వాన గురించి నన్నెందుకు అడుగుతావు?"

ఇంటికి వచ్చే దోవలో గంగాదేవి అంది. "చూస్తివా, మా నాయన భాషలో మూడు మాటలుండాయి. పడింది, పడలేదు, నాకు తెలీదు. కంప్యూటర్లోకి వచ్చేసరికి మూడోది కొట్టేసినారు. మూడోది లేకపోతే మొదటి రెండూ ఎట్ల నమ్మేది?"

మర్నాడు ఆమె ప్రోగ్రాం తెరిచింది. రాసినవాళ్ళు దాన్ని ఎవరూ మార్చకుండా మూసి పంపలేదు. ఒక చిన్న చోట తెలిసీ తెలియక మార్చబోతే మొత్తం నిలిచిపోతుంది. రెండు రోజులు పట్టింది. కరెంటు పోయినప్పుడల్లా కాగితం మీద రాసుకునేది. నేను పక్కన కూర్చుని చదివి వినిపించేదాన్ని. అర్థమయ్యేది కాదుగానీ ఎక్కడ వరుస తప్పిందో చెప్పగలిగేదాన్ని.

చివరకు ప్రతి తేదీ పక్కన రెండు కొత్త గడులు వచ్చాయి. ఒకటి, కొలిచినారా లేదా. రెండోది, కొలిచినవారి పేరు. పేరు లేకుండా అంకె కొడితే యంత్రం తీసుకోదు. నెలలో ఒక్క రోజు కొలవకపోయినా కింద మొత్తం రాదు, ఆ చోట 'చెప్పలేము' అని వస్తుంది. ఆ కంప్యూటరుకు తెలుగు లిపి తెలియదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో, తెలుగు మాట. ఎన్ని రోజులు కొలవలేదో, ఎందుకో కూడా కింద వస్తుంది. శనివారం రామాంజనేయులు ఎప్పటిలాగే ఫ్లాపీ జేబులో వేసుకుని బస్సెక్కాడు.

మంగళవారం పదకొండు గంటలకు ఆఫీసు ముందు జీపు ఆగింది. దిగినవాడు వంశీ, ఆ ప్రోగ్రాం రాసిన అబ్బాయి. మహా అయితే ఆమెకంటే రెండేళ్ళు పెద్ద. జిల్లాలో అన్ని మండలాల లెక్కలూ కలిపితే మా మండలం దగ్గర ఆగిపోతోందట. జిల్లా మొత్తం రావడం లేదట.

"ఎవరు మార్చినారు దీన్ని?"

"నేనే అన్నా."

"ఎవరిని అడిగి మార్చినావు?"

"నువ్వు ఎవరిని అడిగి ఖాళీకి సున్న పెట్టినావన్నా?"

నేను రిజిస్టరును ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. మండలాఫీసరు అప్పటికే గదిలో ఉన్నాడు. సంగతి తెలిసి బయ్యన్న కూడా వచ్చాడు. ఈసారి చెప్పులు విడిచాడు. బసప్ప గడప అవతల నిలబడ్డాడు.

వంశీ కుర్చీ లాక్కుని ఆమె మార్చిందంతా మొదటినుంచి చదివాడు. చదివేకొద్దీ కోపం తగ్గింది. "బాగానే రాసినావు. కానీ భాష అట్లా ఉండాది, నేనేం చేసేది? అంకె గడిలో అంకే ఉండాల. లేకపోతే కూడేది ఎట్లా?"

"తెలీనిదాన్ని కూడకూడదని చెప్పేదానికి భాషలో ఒక మాట ఉండాల గదా!"

"నువ్వు భాష తయారుచేస్తే ఏమేం పెడతావేంది?" నవ్వుతూ అడిగాడు. ఎగతాళి కొంత, ఆసక్తి కొంత.

గంగాదేవి నవ్వలేదు. "తెలీదు అని చెప్పేదానికి తావు పెడతా. అంకె చెప్పినప్పుడు ఏం కొలతో అడిగిస్తా. ఎవరు చెప్పినారో పేరు లేకుండా తీసుకోనీను. దిద్దితే పాతది కొట్టేసినట్ల కనపడాల, బసప్ప తాత రిజిస్టర్లో మాదిరి. తప్పు చేస్తే ఏ కాలు కుంటో చెప్పాల. నా తర్వాత వచ్చే మనిషి చదివితే నేనేం అనుకున్నానో తెలియాల."

"ఇవన్నీ పెడితే పని నడవదు చెల్లీ."

"నడవకూడని పని నడవకపోతే మంచిదే గదన్నా."

మండలాఫీసరుకు సహనం అయిపోయింది. "ఇదంతా ఎందుకు? నలభై ఒకటి కొట్టండి, అయిపోతుంది."

"సున్న కొట్టమను!" బయ్యన్న గొంతు పెంచాడు.

గంగాదేవి కుర్చీ వెనక్కి జరిపి లేచింది. "కొడతా సార్. ఏది కావాలంటే అది కొడతా. పక్కన పేరు గడి ఉండాది చూడండి. నలభై ఒకటి ఎవరు కొలిచినారు? మీ పేరు కొట్టేదా?"

మండలాఫీసరు తెరవైపు చూశాడు. "నా పేరెందుకు? నేను కొలవలేదు కదా."

"బయ్యన్నా, సున్న నువ్వు చూసినావా? నీ పేరు కొట్టేదా? రేపు ఎవరన్నా వచ్చి అడిగితే చూసినానని చెప్పాల."

"నా పేరెందుకుమ్మే దాంట్లో? నేనేమన్నా గవర్మెంటు నౌకరా?"

"అట్లయితే ఎవరి పేరు?"

అందరూ బసప్పవైపు తిరిగారు. పేరు పెట్టడానికి హక్కున్నది ఆయనకే. సంతకం పడాల్సిందీ ఆయనదే. రిటైరుమెంటు ఇంకా రెండేళ్ళుంది.

"నేను మంచంలో ఉంటి" అన్నాడు బసప్ప. "మంచంలో పండుకొని వాన కొలిచేది నాకు చేతకాదు సామీ."

మండలాఫీసరు వంశీవైపు చూశాడు.

వంశీ మండలాఫీసరుతో చిన్నగా చెప్పాడు. "కొలవలేదనే పంపండి సార్. పైవాళ్ళు కావాలంటే వచ్చి చేలు చూసుకుంటారు." తర్వాత గంగాదేవితో, "పేరు గడి ఒక్కటి తీసెయ్యి. నీ మార్పుల్లో మిగతావి నా ప్రోగ్రాంలో పెట్టుకుంటా, అన్ని మండలాలకూ పంపిస్తా. నీ ఉద్యోగం గురించి కూడా చెప్తా" అన్నాడు.

నల్లప్ప కూతురికి కుర్చీ ఉద్యోగం నిలబడే దోవ అదొక్కటే. ఆ గదిలో ఉన్న అందరికీ అది తెలుసు. ఒప్పుకో, ఒప్పుకో అనుకున్నాను.

"పేరు గడి తీసేస్తే మళ్ళీ ఎవరి నోటికొచ్చిన అంకె వాళ్ళు కొడతారన్నా. ఇప్పుడు చూస్తివి గదా. తీయను."

"ఈ నెలాఖరు దాకే నీ కాంట్రాక్టు" అన్నాడు మండలాఫీసరు.

"తెలుసు సార్."

కాగితం 'కొలవలేదు' అనే పోయింది, కింద బసప్ప సంతకంతో. పది రోజులకు ఇద్దరు మనుషులు వచ్చి చేలల్లో శనక్కాయ చెట్లు పెరికి చూశారు. కాయ పట్టే ఊడలు మట్టిలోకి దిగనేలేదు. రెండో జాబితాలో మా మండలం పేరు వచ్చింది. బయ్యన్న తన వల్లే వచ్చిందని ఊరంతా చెప్పుకున్నాడు. వినేవాళ్ళు విన్నారు. గంగాదేవి పేరు ఎవరూ ఎత్తలేదు. పైగా "ఆ పాప మొండితనం వల్ల మొదటి జాబితా తప్పిపాయె" అన్నవాళ్ళున్నారు. అందులో నిజం లేదని నేననలేను.

నెలాఖరున పైనుంచి కొత్త ఫ్లాపీ వచ్చింది. అందులో రెండు గడులూ లేవు. పాత ప్రోగ్రామే, రంగు మారింది. పోయేముందు దాన్ని ఎక్కించి పొమ్మన్నాడు మండలాఫీసరు.

"నా చేత్తో ఎక్కించను సార్. వచ్చే అమ్మాయితో ఎక్కించుకోండి."

"ఎక్కిస్తే నీ పంతొమ్మిది రోజులూ ఎలాగూ సున్నలైపోతాయమ్మా. నువ్వు సాధించిందేమిటి?"

ఆమె కంప్యూటరుకు ముసుగు కప్పి, బయటికి వచ్చి, బసప్ప బల్ల దగ్గరికి పోయింది. "తాతా, రిజిస్టరు ఇస్తావా? నీ గడుల్లో రాయను. పక్కన జాగా ఉండాది గదా, ఆడ రాస్తా."

బసప్ప ఆగస్టు పేజీ తీసి, తన పెన్ను మూత విప్పి ఇచ్చాడు. ఆమె నిలబడే రాసింది. మూడో తేదీ ఎదురుగా 'కొలవలేదు', దాని పక్కన తన పేరు. నాలుగో తేదీ ఎదురుగా అదే. కిందికి ఒక గీత లాగి 'పైన చెప్పినట్లే' అని రాసేయవచ్చు. రాయలేదు. పంతొమ్మిదిసార్లు ఆ మాట, పంతొమ్మిదిసార్లు గంగాదేవి, ఇంటిపేరుతో సహా.